కార్వాన్‌లో అగ్గువ దుకాణం

తగవు పెట్టుకోవడానికి వస్తుందనుకున్న మనిషి, వాకిట్లో నిలబడి, తనను తోడు తీసుకుపొమ్మని అడిగింది. పోయిన వారం చంద్రమ్మ కథ అక్కడికి వచ్చి ఆగింది.

నానక్‌రామ్‌గూడలో ఉన్నది ఒక్కటే దుకాణం, బాలనర్సయ్యది. ఉప్పుకైనా చింతపండుకైనా ఊరంతా ఆ అరుగు దగ్గరికే పోవాలి, ఆయన చెప్పిన ధరకే తెచ్చుకోవాలి. ఆ అలవాటును తప్పించింది చంద్రమ్మ. పోలీసు చర్య జరిగి దారులు కాస్త నెమ్మదించాక, ఆమె ఒక్కతే గంప నెత్తిన పెట్టుకొని బయలుదేరింది. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఉప్పు, తెల్లాపూర్‌లో రైతుల కళ్లాల దగ్గరే మిరపకాయలు, గోలకొండ కోట బజారులో పప్పులు, కార్వాన్‌లో చింతపండు, బెల్లం. ఏది ఎక్కడ అగ్గువగా దొరికితే అక్కడే కొన్నది. మొదట నవ్వినవాళ్లే తరవాత తరవాత తమ సంచులు కూడా ఆమె గంపలో పెట్టారు. మాఘమాసం వచ్చేసరికి బాలనర్సయ్య అరుగు మీద పొద్దుటి ఎండ తప్ప ఎవరూ కూర్చోవడం లేదు.

బాలనర్సయ్య ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే తల వంచుకొని పక్కకు తప్పుకొనేవాడు. తిడితే చంద్రమ్మ దగ్గర సమాధానం ఉంది. ఆ మౌనానికే ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఆయన అనకపోతే ఆయన భార్య అంటుందని ఊరు ఎదురుచూసింది. రుక్కమ్మ రానే వచ్చింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, రాట్నం ముందు కూర్చున్న చంద్రమ్మ అత్త బుచ్చమ్మను కూడా చూడనట్టుగా, చంద్రమ్మ ముఖంలోకే చూస్తూ అడిగింది.

“ఈసారి బజారుకు పోయేటప్పుడు నన్ను సుత తీస్కపోతవా?”

బుచ్చమ్మ వద్దని సైగ చేసింది. షావుకారు పెళ్లాం వెంట వస్తే కొట్లవాళ్లు ఒక్కటై ధర పెంచుతారని ఆమె భయం. చంద్రమ్మకు ఆ భయం లేకపోలేదు. కానీ అడిగిన మనిషి కళ్లలో లెక్కలేవీ కనబడలేదు. తీర్థానికి పోతామంటే చిన్నపిల్ల ముఖం ఎట్లా విప్పారుతుందో అట్లా ఉంది రుక్కమ్మ ముఖం. చంద్రమ్మ సరేనంది.

*

వాళ్లు బయలుదేరేసరికి ఊరి మీద మంచు ఇంకా లేవలేదు. దారికి రెండు వైపులా రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి నిద్రపోతున్నాయి. మంచులో వాటి అడుగుభాగం కనబడక, పైవి గాలిలో ఆగినట్టున్నాయి. సీతాఫలం పొదల ఆకులు రాలి కాలికింద తడిగా మెత్తగా తగులుతున్నాయి. ఎక్కడో ఒక తీతువు అరిచి ఊరుకుంది.

చంద్రమ్మకు ఈ నడక అంటే ఇష్టం. ఎవరికీ చెప్పలేదు కానీ, మిగిలే అణాల కోసమే ఆమె ఇంత దూరం నడవడం లేదు. నడుస్తుంటే ఆమెకు లోకమంతా తన ఇల్లే అనిపించేది. ఉప్పు గూడు లింగంపల్లిలో ఉంది. మిరపకాయల ఉట్టి తెల్లాపూర్‌లో వేలాడుతోంది. బెల్లం కుండ కార్వాన్‌లో ఉంది. ఇంత పెద్ద ఇంట్లో తాను ఒక గది నుంచి ఇంకో గదికి తీరిగ్గా పోతున్నట్టు ఉండేది. అత్తగారింటి వంటగదిలో తల ఎత్తితే దూలం తగిలేది.

కొంత దూరం పోయాక రుక్కమ్మ మాట కలిపింది. చంద్రమ్మ అలవాటుగా సావుకారమ్మా అని పిలిచేసరికి ఆమె ఆగిపోయింది. ఈ దారిలో ఆ మాట వద్దంది. అక్కా అని పిలువుమంది. పిలవడానికి చంద్రమ్మ నాలుక మొదట తడబడింది, రెండు మూడు గుండ్లు దాటాక అలవాటైపోయింది.

“ఎందుకొస్తున్ననో అడగవేంది?” అంది రుక్కమ్మ.

“చెప్తవని ఊకున్న అక్కా.”

“నేను పుట్టింది దుకాణంల. మనువై వచ్చింది సుత దుకాణానికే. ఇంత వయసొచ్చింది, ఒక్కనాడు నేను ఏదీ కొనలే. కొనుడంటె ఎట్లుంటదో చూడబుద్ధయింది.”

చంద్రమ్మకు నవ్వు వచ్చింది, వెంటనే ఎందుకో గుండె కరిగినట్టయింది. చేయి చాపితే అన్నీ అందే ఇంట్లో ఉన్న మనిషికి ఇది కావాలని అడగడమే కొత్త.

ఖాజాగూడ దాటాక రుక్కమ్మ తన తమ్ముడి సంగతి ఎత్తింది. ఆమె తమ్ముడు వెంకటనారాయణ ఇన్నేళ్లు వాళ్ల దుకాణంలోనే తక్కెడ పట్టాడు. పిల్లలు వస్తే చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపేవాడు. పోయిన ఎండాకాలం, పోలీసు చర్యకు ముందటి గడబిడ రోజుల్లో, ఊరి జొన్నలన్నీ బాలనర్సయ్య పెరట్లో పాతర తవ్వి దాచుకున్నారు. ఒక మధ్యాహ్నం తుపాకులవాళ్లు ఊళ్లోకి వచ్చారు. ఏ ఇల్లూ వెతకలేదు, నేరుగా పెరట్లోకి పోయి పాతర మీది మన్ను తీశారు. ఆ వానాకాలం ఊరు జొన్న గటక కూడా లేక తుమ్మజిగురు నమిలింది. పాతర జాడ చెప్పింది వెంకటనారాయణే అని ఎవరో అన్నారు. అంతకుముందు రోజే అతను పట్నం పోయి వచ్చాడు. ఆ మాట ఊరంతా పాకేలోపే అతను కనబడకుండా పోయాడు. దానితో అనుమానం నిజమైపోయింది.

అతను షోలాపూర్ మిల్లులో చేరాడని మొగుడు తనతో చెప్పినట్టు రుక్కమ్మ చెప్పింది. ఒక్క కబురు లేదు. పండక్కి రాలేదు. తమ్ముడు ఆ పని చేశాడో లేదో ఆమెకు తెలియదు. చేసినా అతను తన తమ్ముడే.

అప్పుడు చంద్రమ్మ కూడా వెంకటనారాయణను తిట్టింది. నలుగురితో కలిసి బావి దగ్గర నిలబడి, మన్నుబోయ అని తిట్టింది.

*

బంజారా దర్వాజా నుంచి కోటలోకి పోయేసరికి ఎండ వచ్చింది. మంచు గోడల నీడలోకి జరిగిపోయింది. పావురాలు బురుజు మీద నుంచి ఒక్కసారిగా లేచి, బజారు మీద ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. కందిపప్పు వేయించే వాసన, అత్తరు వాసన, తడిపిన గోనె వాసన వరసగా వచ్చి ముఖానికి తగులుతున్నాయి. రుక్కమ్మ నడక మెల్లగా అయిపోయింది. ఆమె ఒక్కో కొట్టు ముందు నిలబడి, పప్పు కుప్పల కొనలు చూస్తూ, కలలో ఉన్నట్టు నవ్వుకుంటోంది.

మొదటి కొట్టులోనే ఆమె కొనేయబోయింది. చంద్రమ్మ ఆమె మోచెయ్యి పట్టుకొని ఇవతలికి తెచ్చింది. మొదట అడగాలి, పప్పు చేతిలోకి తీసుకొని చూడాలి, ఏమీ అనకుండా నడవాలి. రెండోచోటా అంతే. మూడోచోట ధర విన్నాక, మొదటి కొట్టు ముందు నుంచే తిరిగి నడవాలి. అప్పుడు వాడే పిలుస్తాడు. పిలవకపోతే మూడోచోటికి పోవచ్చు. చంద్రమ్మ తన విద్య అంతా ఇట్లా గుసగుసగా చెప్పింది.

రుక్కమ్మ విని తల ఊపింది కానీ ఆమెకు అది చేతకాలేదు. అడిగి కొనకుండా లేస్తే కొట్టువాడి ముఖం ఎట్లా అవుతుందో ఆమెకు ఇంట్లో కూర్చుని చూసి తెలుసు. ఇప్పుడు అరుగుకు ఇవతల నిలబడి ఆ ముఖాన్నే చూడవలసి వచ్చింది. పెసరపప్పు కొట్టు ముసలాయనకు ఆమె వెనక్కి తిరిగి, మళ్ల వస్తం అని చెప్పింది. తీరా రెండు కొట్లు తిరిగి నిజంగానే అతని దగ్గరికే పోయి, అతను చెప్పిన ధరకే కొన్నది. చంద్రమ్మ నోరు నొక్కుకుంది. కానీ రుక్కమ్మ ఆ పప్పు మూటను చంకన పెట్టుకొని నడిచిన తీరు చూస్తే ఆ ధర పిరమనిపించలేదు.

ఫతే దర్వాజా దాటి లంగర్‌హౌజ్ మీదుగా కార్వాన్ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తిరుగు ప్రయాణానికి నడక అక్కరలేదు. చంద్రమ్మ మొగుడు ఐలయ్య బోరబండ దగ్గర రాళ్లు ఎత్తి కార్వాన్‌లో కడుతున్న ఒక ఇంటికి దింపుతున్నాడు. పని కాగానే ఖాళీ బండి తోలుకొని వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుంటానన్నాడు.

“ఇగ చూడు అక్కా, అసలైన దుకాణం ఇది,” అంది చంద్రమ్మ.

అది చిన్న కొట్టు. రెండు పెద్ద కొట్ల మధ్య ఇరుక్కొని ఉంది. దాని ముందు సక్కుబాయి అనే పెద్దామె కూర్చొని ఉంటుంది. ఆ గదీ, దాని వెనక ఇల్లూ ఆమెవే. ఆమె బేరం ఆడదు. ధర ఒక్కసారే చెప్తుంది, అది రెండు పక్కల కొట్ల కన్నా కొంచెం తక్కువగానే ఉంటుంది. తూకం నిండుగా ఉంటుంది. ఆమె వెనక గోనెపట్ట పరదా కట్టి ఉంది. సక్కుబాయి ఏం కావాలో వెనక్కి తిరిగి చెప్తుంది. పరదా వెనక తక్కెడ చప్పుడవుతుంది. తరవాత పరదా పక్కనుంచి ఒక చెయ్యి పొట్లం అందిస్తుంది. ఇన్ని నెలలుగా చంద్రమ్మ ఆ చేతిని తప్ప ఆ మనిషిని చూడలేదు. సక్కుబాయి చెల్లెలి కొడుకనీ, సిగ్గరి అనీ విన్నది. నిద్రలో అప్పుడప్పుడు ఆ పరదా ఆమెకు కనబడేది. దాని వెనక ఎవరూ లేరనీ, చెయ్యి ఒక్కటే ఉందనీ కల వచ్చేది. భయం వేసేది కాదు, హాయిగానే ఉండేది.

చంద్రమ్మ చింతపండు అడిగింది. వెనక తక్కెడ కదిలింది. పొట్లం వచ్చింది. ఆమె దాన్ని రుక్కమ్మ చేతికి ఇచ్చి బెల్లం సంగతి మాట్లాడుతోంది.

రుక్కమ్మ పొట్లం మీది దారం చూస్తోంది. దారాన్ని రెండు పేటలు చేసి, అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు వేసి, చివర వేలు దూరేంత ఉంగరం వదిలి ముడి వేశారు. ఆ ఉంగరంలోకి ఆమె చూపుడు వేలు దానంతట అదే దూరింది.

“చంద్రమ్మా,” అంది మెల్లగా. “ఈ ముడి మా నాయన ఏసేటోడు.”

చంద్రమ్మకు అర్థం కాలేదు. ఆ ముడి బాలనర్సయ్య కొట్టులోనూ చూసింది. కొట్లవాళ్లందరూ అట్లాగే కడతారనుకుంది.

పరదా పక్కనుంచి బెల్లం పొట్లం వచ్చింది. రుక్కమ్మ దాన్ని అందుకోలేదు. ముందుకు వంగి, సక్కుబాయి భుజం మీదుగా చేయి చాచి, ఆ మణికట్టును పట్టుకుంది. మణికట్టు లోపలి వైపు ఒక కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు తమ్ముణ్ని ఆమె చంకన ఎత్తుకొని పాకం దగ్గరికి పోతే, కాగిన బెల్లం చింది పడిన మచ్చ.

పొట్లం జారి కింద పడింది. ఆ చెయ్యి గుంజుకోవడానికి చూడలేదు. సక్కుబాయి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, కొట్టు ముందు తడక సగానికి లాగింది.

“నారాయణా,” అంది రుక్కమ్మ పరదాతో. “బయటికి రా.”

పరదా తొలగింది. వెంకటనారాయణ చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. అతను అక్క ముఖం చూడలేక, కింద పడిన బెల్లం పొట్లాన్ని వంగి తీసి, దుమ్ము దులిపి, చంద్రమ్మ చేతిలో పెట్టాడు.

*

రుక్కమ్మ ఏడవలేదు. ముందు తిన్నావా అని అడిగింది. తరవాత షోలాపూర్ ఎప్పుడు వదిలావని అడిగింది. అతను షోలాపూర్ చూడనే లేదన్నాడు. ఊరు వదిలిన నాటి నుంచి ఈ కొట్టులోనే ఉన్నాడు. పెట్టించింది బావే. వారానికొకసారి బావ బేగంబజారుకు పోయి, సగం సరుకు ఇక్కడ దించి, సగం ఊరికి తీసుకుపోతున్నాడు. ఇద్దరూ కలిసి తింటారు. అక్క ఎట్లా ఉందో అడిగి తెలుసుకుంటాడు.

ఆమె అరుగు అంచు పట్టుకొని కూర్చుంది. మొగుడు పట్నం నుంచి వచ్చిన ప్రతిసారీ తాను కాళ్లకు నీళ్లిచ్చింది. తమ్ముడి కబురేమైనా తెలిసిందా అని అడిగింది. ఆయన లేదన్నాడు. తమ్ముడి పక్కన కూర్చొని తిన్న అన్నం కడుపులో ఉండగానే లేదన్నాడు.

చంద్రమ్మకు ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది. ఈ కొట్టు బాలనర్సయ్యదే. తాను ఆయన అరుగు తప్పించుకొని, కోటలు దాటి, పొద్దంతా నడిచి, సగం ఊరి సంచులు మోసుకొచ్చి నింపుకున్నది మళ్లీ ఆయన దగ్గరే. నవ్వాలో సిగ్గుపడాలో ఆమెకు తెలియలేదు.

“ఒక్కటే చింతపండు గదా,” అంది. “ఒకే బస్తాది. ఊర్ల గంత పిరం, గిక్కడ గింత అగ్గువ ఎట్లయితది?”

వెంకటనారాయణ రెండు పక్కలా ఉన్న కొట్ల వైపు చూపించాడు.

“గిక్కడ నేను అర్ధణా పెంచితె మీరు పక్క అరుగు ఎక్కుతరు. ఊర్ల పక్క అరుగు లేదు. నువ్వు తిరుగుడు మొదలువెట్టినంక బావ ఊర్ల సుత ధర దించుదామనుకున్నడు. దించితె ఇన్నాళ్లు ఎందుకు దించలేదంటరని బుగులువడ్డడు.”

అతను ఇంకో మాట కూడా చెప్పాడు. చంద్రమ్మ ఇక్కడికి వస్తోందని తెలిసినప్పుడు బావ కోప్పడలేదు. తూకం నిండుగా ఇయ్యుమన్నాడు, నువ్వు మాత్రం కనబడకు అన్నాడు.

చంద్రమ్మకు ఊళ్లో తల వంచుకొని పక్కకు తప్పుకొనే మనిషి గుర్తొచ్చాడు. ఆయన తన మీద కోపంతో అట్లా పోతున్నాడనుకుంది. కోపమున్న మనిషి తూకం నిండుగా ఇయ్యమనడు.

రుక్కమ్మ తమ్ముడి చెయ్యి మళ్లీ పట్టుకుంది. ఇప్పుడు ఆమె గొంతులో కల పోయింది.

“నా మొకం చూసి చెప్పు. పాతర జాడ నువ్వు చెప్పినవా?”

“నేను చెప్పలే అక్కా.”

“చెప్పకపోతె ఎందుకు పారిపోయినవ్?”

“పారిపోలే. బావ పంపిండు. ఊరు ఒకన్ని పట్టుకోవాల్నని చూస్తున్నదన్నడు. నీకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు, నువ్వు జర పక్కకు పో అన్నడు. చెప్పినోడు దొరికితె చంపేస్తరన్నడు.”

“అంటె చెప్పినోడెవడో ఆయనకు ఎరుకనా?”

వెంకటనారాయణ నేల చూశాడు. సక్కుబాయి తడక సందులోంచి బజారు చూస్తూ నిలబడింది. పక్క కొట్లో ఎవరో ధనియాలు చేటలో పోసి చెరుగుతున్నారు. ఆ చప్పుడు వాన మొదలైనట్టు వినబడుతోంది. చంద్రమ్మకు ఒళ్లు తేలికైపోయి, తాను అక్కడ లేనట్టు, పొద్దున మంచులో గాలిలో ఆగిన గుండు మీద కూర్చొని ఇదంతా చూస్తున్నట్టు అనిపించింది.

రుక్కమ్మ ఎక్కువసేపు ఊరుకోలేదు. చెప్పినవాడు ఎవడైతే తనకేం, తమ్ముడు చెప్పలేదు, అది చాలంది. ఈ రోజే అతన్ని ఇంటికి తీసుకుపోతానంది. బజారు మధ్య నుంచి, పట్టపగలు, ఊరి నడిమధ్యకు తీసుకుపోయి దుకాణం అరుగు మీద కూర్చోబెడతానంది. మొగుడు ఏమంటాడో అక్కడే అననీ అంది. ఆమె ఇంత గట్టిగా మాట్లాడటం చంద్రమ్మ ఎప్పుడూ వినలేదు.

“సంచి సదురుకో. ఐలయ్య బండి వస్తది. మనం ముగ్గురం దాంట్లనే పోదం.”

వెంకటనారాయణ తల ఎత్తాడు. మొదటిసారి నేరుగా చంద్రమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో మన్నించమని అడుగుతున్నట్టుంది.

“నడిచి వస్త అక్కా,” అన్నాడు. “ఆ బండి మాత్రం నేనెక్క.”

“ఎందుకెక్కవు?”

అతను పరదా పక్కనున్న సంచి అందుకున్నాడు.

చంద్రమ్మ చేతిలో బెల్లం పొట్లం బరువెక్కింది. పోయిన ఎండాకాలం తుపాకులవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు చాలా ఇళ్ల ఎడ్లను తోలుకుపోయారు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఐలయ్య జత మాత్రం వచ్చింది. పాతర తవ్వుకుపోయిన మర్నాడు, పొద్దున్నే, ఆ రెండు ఎడ్లూ మెడల్లో గంటలతో సహా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి. కాళ్లు పట్టుకుంటే కనికరించి వదిలేశారన్నాడు ఐలయ్య. బుచ్చమ్మ ఎడ్లకు పసుపు రాసింది. చంద్రమ్మ వాటి మెడలు కావిలించుకొని ఏడ్చింది. ఆ తరవాత బిందె తీసుకొని బావి దగ్గరికి పోయింది. అక్కడే వెంకటనారాయణను తిట్టింది.

రుక్కమ్మ తమ్ముడిని వదిలి, మెల్లగా చంద్రమ్మ వైపు తిరిగింది. ఇంకా ఏమీ తెలియలేదు ఆమెకు. అడగాలన్న ఆలోచన మాత్రం వచ్చింది.

“నీ బండి ఎందుకెక్కనంటున్నడు చెల్లె? నీకేమన్న ఎరుకనా?”

చెల్లె అని ఆమె పిలవడం అదే మొదటిసారి.

వీధి మలుపులో బండి ఇరుసు చప్పుడైంది. ఖాళీ బండి కాబట్టి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతూ వస్తోంది. సక్కుబాయి తడక పక్కకు జరిపింది. కొట్టు ముందు ఎడ్లు ఆగాయి. ఐలయ్య నొగల మీద కూర్చొని తలపాగా సర్దుకుంటూ, బేరం ఇంకా కాలేదా అని నవ్వుతూ లోపలికి చూశాడు. రుక్కమ్మ కనబడింది. ఆమె వెనక నిలబడ్డ మనిషి కనబడ్డాడు. ఐలయ్య చెయ్యి తలపాగా మీదే ఉండిపోయింది.

చంద్రమ్మ సంచులన్నీ అక్కడే వదిలి అరుగు దిగింది. పోయి ఎడ్ల ముందు నిలబడి, రెండు ముకుతాళ్లూ ఒక్క చేత్తో గట్టిగా పట్టుకుంది. బండి ముందుకు పోవడానికి లేదు, వెనక్కి తిరగడానికీ లేదు. ఎడమ ఎద్దు ఆమెను గుర్తుపట్టి, వెచ్చటి ఊపిరి ఆమె మోచేతి మీద వదిలింది.

“కిందికి దిగు,” అంది మొగుడితో. “వాళ్లు వీటిని ఊకనే ఇడిసిపెట్టలే. అవునా కాదా? గీ అక్క ముందట చెప్పు.”

ఐలయ్య పెళ్లాం ముఖం చూశాడు, ఆ తరవాత వెంకటనారాయణ ముఖం చూశాడు. చేతిలోని ములుగర్రను నొగల మీద అడ్డంగా పెట్టి, ఒక కాలు కిందికి దించాడు.

“ఎడ్ల కోసమే అయితె పాతర జాడ చెప్పకపోదును చంద్రమ్మా,” అన్నాడు.